గోడ దాటే మొక్కలు

గుర్రపు డెక్క పువ్వు అందంగా ఉంటుంది. ఆ సంగతి ఒప్పుకున్నాకే మిగతాది మాట్లాడాలి. లేత ఊదా రేకులు, పై రేకు మీద నెమలికన్ను లాంటి నీలి మచ్చ, దాని నడుమ పసుపు చుక్క. చెరువంతా పూసి ఉంటే బండి ఆపి ఫోటో తీసుకోనివాళ్లు తక్కువ. ఆ పువ్వు కోసమే కొన్నేళ్ల కిందట రెండు మొక్కలు కొనుక్కొచ్చి మా మిద్దె మీద సిమెంటు తొట్టిలో వేశాను. "నీళ్లను శుభ్రంగా ఉంచుతుందండీ, పెద్దగా చూసుకోనక్కర్లేదు" అన్నారు అమ్మినవాళ్లు.

చూసుకోనక్కర్లేదన్న మాట నిజమే. ఎండాకాలం మొదట్లో వేసిన రెండు మొక్కలు తొలకరి నాటికి తొట్టిలో చుక్క నీరు కనపడకుండా కమ్మేశాయి. ఎక్కువైనవి పీకి కొన్ని తెలిసినవాళ్లకు పంచాను. మిగిలినవి ఇంటి వెనక ఖాళీ స్థలంలో పారేశాను. ఆ స్థలం పక్కనుంచే వాననీటి కాలువ పోతుంది. ఓ రాత్రి కుండపోత పడింది. తెల్లారి చూస్తే పారేసిన చోట ఒక్క మొక్కా లేదు. కాలువ వెళ్లి కలిసేది చెరువులో. ఆ చెరువులో గుర్రపు డెక్క అప్పటికే ఉంది కాబట్టి నేను కొత్తగా చేసిన చెరుపేమీ లేదని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ చెరువులోకి మొదటి మొక్క ఎలా వచ్చి ఉంటుంది? గుర్రపు డెక్క మన నేలలో పుట్టింది కాదు. ఎక్కడో ఎవరో నాలాగే ముచ్చటపడి తెచ్చుకుని, ఎక్కువయ్యాక పారేసి ఉంటారు.

ఆ రోజు నుంచి ఏ మొక్కను చూసినా నా మనసులో మెదిలే ప్రశ్న మారిపోయింది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని కాదు, మా గోడ దాటి ఎలా వెళ్తుంది అని అడుగుతున్నాను. ఈ రెండు ప్రశ్నలూ కలగాపులగం కావడం వల్లే దురాక్రమణ మొక్కల గురించి మన మాటలు దారి తప్పుతున్నాయని నా అభిప్రాయం.

పరాయిది వేరు, ఆక్రమించేది వేరు

విదేశీ మొక్కలన్నీ చెడ్డవనుకుంటే మన వంటిల్లు సగం ఖాళీ అయిపోతుంది. మిరప, టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, జామ, సీతాఫలం, జీడిమామిడి, అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. బతుకమ్మలో తంగేడు మన నేల పువ్వు, దాని పక్కనే పేర్చే బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది. ఇన్ని వందల ఏళ్లలో ఏ అడవినీ మిరప చెట్లు ఆక్రమించలేదు. మనిషి నీళ్లు పోసి, కలుపు తీసి, కాపలా కాస్తేనే మిరప బతుకుతుంది.

కొత్త నేలకు వచ్చిన మొక్క మూడు గడపలు దాటాలి. మొదటిది, ఎవరో ఒకరు తేవడం. రెండోది, మన సాయం లేకుండా తనంతట తాను పిల్లలు పెట్టి ఏటా నిలబడడం. మూడోది, నిలబడ్డ చోటి నుంచి దూరాలకు పాకి అక్కడున్నవాటిని తోసేయడం. ఎక్కువ మొక్కలు మొదటి గడప దగ్గరో రెండో గడప దగ్గరో ఆగిపోతాయి. జీవవైవిధ్యంపై ప్రభుత్వాల మధ్య పనిచేసే అంతర్జాతీయ శాస్త్ర వేదిక 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త చోట్ల స్థిరపడిన మొక్కలు, జంతువులు, ఇతర జీవులు కలిపి 37,000కు పైనే. వాటిలో హాని చేసేవిగా తేలినవి 3,500కు పైగా. అంటే పదింట ఒకటి అనుకోవచ్చు. మన గొడవంతా ఆ ఒక్కదానితోనే.

అదే నివేదిక ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చోట్లకు పాకిన దురాక్రమణ జీవి ఏదో కూడా చెప్పింది. గుర్రపు డెక్క. రెండోది లంటానా, మనం తలంబ్రాల చెట్టు, పులికంప అని పిలిచేది. మూడోది నల్ల ఎలుక. ఎలుక ఓడల్లో దొంగచాటుగా ఎక్కి వచ్చింది. మొదటి రెండింటినీ మాత్రం పువ్వు బాగుందని మనుషులే ప్రేమగా మోసుకొచ్చారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దొండ మన పెరటి తీగ. హవాయి దీవుల్లో అదే దొండ చెట్లనూ కరెంటు స్తంభాలనూ కప్పేసి పెద్ద బెడదైంది. దాన్ని అదుపు చెయ్యడానికి అక్కడివాళ్లు ఆఫ్రికా నుంచి పురుగుల్ని తెప్పించి వదిలారు. కావ్యాల్లో కవులు అంతగా మెచ్చుకున్న మన మాధవీలత, ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించిన వంద అతి హానికర దురాక్రమణ జీవుల జాబితాలో ఉంది. హిందూ మహాసముద్రంలోని మారిషస్, రీయూనియన్ దీవుల అడవుల్ని అది చుట్టేసింది. మన చెరువుల్లో అడుగున పెరిగే హైడ్రిల్లా నాచు 1950లలో అక్వేరియం వ్యాపారంలో శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సుల్ని పూడ్చేసింది.

పుట్టిన చోట ప్రతి మొక్కకూ శత్రువులు ఉంటాయి. ఆకు తినే పురుగు, కాండం తొలిచే ముక్కుపురుగు, వేరుకు పట్టే బూజు, గింజ నమిలే ఎలుక. వేల ఏళ్లుగా ఒకదాన్నొకటి అదుపులో ఉంచుకుంటూ వచ్చినవి. మనం ఒక కొమ్మనో నాలుగు గింజలనో సంచీలో వేసుకొచ్చినప్పుడు ఆ శత్రువులు వెనకే ఉండిపోతాయి. కొత్త చోట దానికి పన్ను వేసేవాళ్లు లేరు. శత్రువుల్ని తట్టుకోవడానికి ఖర్చు చేసే శక్తంతా పెరగడానికే పెడుతుంది. మన దొండను ఇక్కడ పురుగులు తింటాయి, మనం తిట్టుకుంటాం. హవాయిలో ఆ పురుగులు లేకపోవడమే అసలు కష్టం.

నీళ్లలో

ఇంటి తోటలో నేల మీది మొక్క తప్పించుకుంటే పట్టుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. నీటి మొక్కకు ఆ వ్యవధి లేదు. అందుకే తొట్టి, కుంట, అక్వేరియం ఉన్నవాళ్లు మిగతావాళ్లకన్నా రెట్టింపు జాగ్రత్తగా ఉండాలంటాను.

గుర్రపు డెక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. 19వ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే తూర్పు బెంగాల్ కాలువల్లో పడవలు కదల్లేదు, వరి చేలలోకి తెట్టు కొట్టుకొచ్చింది, చేపలు పోయాయి. దాన్ని బెంగాల్ భూతం అన్నారు. 1936లో బెంగాల్‌లో కేవలం గుర్రపు డెక్క కోసమే ఒక చట్టం చేశారు. తమ స్థలంలో దాన్ని ఉంచుకోవడం, పెంచడం నేరమన్నారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో దాన్ని తొలగిస్తామన్న హామీ పార్టీల నోట వినిపించింది. ఒక పూల మొక్క ఎన్నికల అంశం అయిందంటే రైతు ఎంత విసిగిపోయి ఉండాలి!

మన దగ్గర ఆ సంగతి కృష్ణా, గోదావరి డెల్టా రైతులకు చెప్పక్కర్లేదు. కాలువలకు నీళ్లొదిలే ముందు ఏటా తూడు, అంటే గుర్రపు డెక్క లాంటి నీటి కలుపు, తీయించాలి. తీయకపోతే తూముల దగ్గర, వంతెనల కింద తెట్టు అడ్డంపడి శివారు భూములకు నీరందదు. వానలొచ్చినప్పుడు అదే తూడు మురుగు కాలువల్ని బిగించేసి చేలను ముంచుతుంది. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరిన సరస్సు. అందులో పడవ నడిపేవాళ్లను అడిగితే గుర్రపు డెక్క ఎంత అడ్డమో చెప్తారు. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. ఆ దారిలో తెట్టు కడితే వరద వెనక్కి తంతుంది.

దీని లెక్క చూస్తే భయం వేస్తుంది. అనువైన నీళ్లలో రెండు వారాలకు రెట్టింపవుతుంది. ఉగాదికి తొట్టిలో ఒక్క మొక్క వేశారనుకోండి. రెండు వారాలకు రెండు, నాలుగు వారాలకు నాలుగు. ఇరవయ్యో వారం, అంటే శ్రావణ మాసం ముగియబోయేసరికి 1,024. తొట్టిలో చోటు లేక ఆగుతుంది గానీ చెరువులో ఆగదు. తల్లి మొక్క నుంచి పక్కకు సాగే కాడల చివర పిల్లలు పుడతాయి, కాడ తెగితే పిల్ల వేరు కాపురం పెడుతుంది. ఇది చాలదన్నట్టు గింజలు కూడా వేస్తుంది. బురదలో పడిన గింజ 20 ఏళ్ల దాకా మొలిచే శక్తితో ఉండగలదు. చెరువు పూర్తిగా శుభ్రం చేశాం అని ఫోటోలు దిగిన రెండేళ్లకు మళ్లీ పచ్చగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తెట్టు కింద ఏం జరుగుతుందో పైనుంచి కనపడదు. ఎండ నీళ్లలోకి దిగదు. అడుగున నాచు చస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, చేప ఊపిరాడక పోతుంది. ఖాళీ చెరువు ఆవిరి చేసే నీళ్లకన్నా ఈ ఆకులు గాలిలోకి వదిలే నీళ్లు ఎక్కువ. మాన్సోనియా అనే దోమ పిల్లలు మామూలు దోమ పిల్లల్లాగా పైకి వచ్చి గాలి పీల్చవు. గుర్రపు డెక్క, అంతరతామర వేళ్లకు గొట్టం గుచ్చి ఆ వేళ్లలోని గాలితో బతుకుతాయి. బోదకాలును మోసే దోమల్లో ఇదొకటి.

మరి "నీళ్లను శుభ్రం చేస్తుంది" అన్న మాట? అందులో సగం నిజముంది, అదే చిక్కు. గుర్రపు డెక్క నీళ్లలోని నత్రజని, భాస్వరం, కొన్ని లోహాలను వేళ్లతో లాగేసుకుంటుంది. కట్టుదిట్టమైన మురుగుశుద్ధి కుంటల్లో దీన్ని వాడతారు కూడా. అయితే లాగినదాన్ని మొక్కతో సహా బయటికి తీసేస్తేనే శుద్ధి. తీయకుండా వదిలితే మొక్క అక్కడే కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లకే అప్పజెప్తుంది. ఇంటి తొట్టిలో ఎవరు పది రోజులకోసారి లెక్కపెట్టి తీస్తారు?

ఈ తిండి సంగతి ఇంకో ముడిని కూడా విప్పుతుంది. హైదరాబాద్ చెరువుల్లో యంత్రాలు పెట్టి ఏటా తీస్తున్నా గుర్రపు డెక్క ఎందుకు పోదంటే, దానికి ఏటా విందు పెడుతున్నది మన మురుగే. ఇళ్ల నుంచి శుద్ధి కాకుండా వచ్చే మురుగునీరు దానికి ఎరువు. మురుగు ఆపకుండా మొక్క తీయడం వల్ల కొంతకాలం దోమలు తగ్గుతాయి, నీళ్లు కనపడతాయి, అంతే. దీన్ని తినే రెండు రకాల ముక్కుపురుగుల్ని 1980ల తొలి ఏళ్లలో బెంగళూరుకు తెప్పించి పరీక్షించి వదిలారు. మణిపుర్‌లోని లోక్‌తక్ సరస్సు లాంటి చోట్ల అవి బాగా పనిచేశాయి. మురుగు పారే నగర చెరువుల్లో మాత్రం పురుగు తినే వేగాన్ని మొక్క పెరిగే వేగం మించిపోతుంది.

ఇంటి తొట్టెల కోసం అమ్మే తేలే మొక్కల్లో ఇంకో రెండింటి గురించి చెప్పాలి. అంతరతామర చిన్న క్యాబేజీలా ముద్దుగా ఉంటుంది, పెరిగే తీరు గుర్రపు డెక్కదే. రెండోది సాల్వీనియా, నూగు నూగుగా ఉండే చిన్న ఆకుల తేలే మొక్క. కేరళలో దీన్ని ఆఫ్రికన్ పాయల్ అంటారు, నిజానికి ఇది బ్రెజిల్ నుంచి వచ్చింది. సాల్వీనియా మొలెస్టా అనే ఈ రకం గొడ్రాలు. మొలిచే గింజ లాంటిదేదీ దానికి పుట్టదు. వంద హానికర జీవుల జాబితాలో ఉన్న పశువుల ముసర వ్యాధి వైరస్ ప్రపంచం నుంచి తుడిచిపెట్టుకుపోయాక, ఆ ఖాళీలో 2013లో చేర్చింది ఈ గొడ్డు మొక్కనే. ముక్క తెగితే ముక్కే మొక్క. అక్వేరియం నీళ్లు మార్చేటప్పుడు కాలువలో పడ్డ గోరంత ముక్క చాలు. అందుకే "ఇది గింజలు వెయ్యని రకమండీ, భయం లేదు" అని ఎవరైనా హామీ ఇస్తే నాకు సాల్వీనియా గుర్తొస్తుంది. కేరళ కాలువల్లో దాన్ని 1980లలో చివరికి అదుపు చేసింది దాని పుట్టినిల్లు బ్రెజిల్‌కే చెందిన ఓ చిన్న ముక్కుపురుగు.

2020లో కోళికోడ్ జిల్లా ఆవళ పాండిలో ఓ కాలువంతా గులాబీ పూలు పూసి, చూడడానికి జనం విరగబడ్డారు. ఆ మొక్క కబోంబా, అక్వేరియం మొక్క. ఇంటికెళ్తూ కొందరు గుర్తుగా పట్టుకెళ్లారు కూడా. ఆక్రమణ ఎలా మొదలవుతుందో కళ్లారా చూపించిన సంఘటన అది.

నేల మీద

లంటానా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా వృక్షోద్యానానికి అలంకరణ మొక్కగా వచ్చింది. 2020లో వెలువడిన ఓ అధ్యయనం, దేశంలో పులులు తిరిగే అడవుల్లో 1,54,000 చదరపు కిలోమీటర్లలో లంటానా ఉందని తేల్చింది. దాదాపు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. అది అల్లుకున్న చోట గడ్డి పెరగదు, గడ్డి లేకపోతే జింక ఉండదు. ఆకు తిన్న పశువుకు కాలేయం దెబ్బతిని, ఎండలోకి వెళ్తే చర్మం పుండ్లు పడుతుంది.

నర్సరీల్లో ఇప్పటికీ దీని పసుపు, తెలుపు, ఊదా రకాలు కుండీల్లో కనపడతాయి. "అడవిది వేరు, ఇది వేరు" అంటారు. గింజ సరిగా కట్టని రకాలు ఉన్న మాట నిజమే. వాటిలో చాలావాటి పుప్పొడి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, దగ్గర్లోని అడవి లంటానాతో కలుస్తుంది. మామూలు రకమైతే నల్లని పళ్లను గోరింకలు, పిగిలిపిట్టలు తిని ఎక్కడెక్కడో రెట్ట వేస్తాయి. "ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఉంది, పక్క కుండీలోకి కూడా రాలేదు" అనే మాటకు ఇదే జవాబు. పిట్ట తీసుకెళ్లిన గింజ మీ పక్క కుండీలో ఎందుకు పడుతుంది?

లంటానా కావాలనేవాళ్ల వాదనల్లో బలమైనది సీతాకోకచిలుకలది. నిజమే, అవి లంటానా మీద మూగుతాయి. అయితే పెద్దయిన చిలుకకు తేనె ఎక్కడైనా దొరుకుతుంది. దాని గొంగళిపురుగు మాత్రం తన వంశానికి అలవాటైన ఆకునే తింటుంది. మన దగ్గర తిరిగే నల్లని తోక చిలుకల పిల్లలకు కరివేపాకు, నిమ్మ ఆకులు కావాలి. లేత పసుపు చిలుకలకు తంగేడు జాతి, రేల చెట్టు ఆకులు కావాలి. కరివేపాకు మీద ఆకుపచ్చ పురుగు కనపడితే చంపకుండా వదిలేస్తే చాలు, అంతకన్నా పెద్ద సీతాకోకచిలుకల తోట లేదు.

లంటానా పేరైనా కొందరికి తెలుసు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎవరూ పట్టించుకోని వెడీలియా. రోడ్ల మధ్య డివైడర్ల మీద, అపార్టుమెంట్ల పచ్చికలో పసుపు పూలతో నేలంతా కప్పేసే పాకుడు మొక్క. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చింది, ఇదీ ఆ వంద జాబితాలో ఉంది. ప్రతి కణుపూ వేరు దించుతుంది. మున్సిపాలిటీ వాళ్లు కత్తిరించిన తీగల్ని ట్రాక్టరులో వేసి ఊరి చివర చెరువు గట్టున పోస్తే, నాటినట్టే లెక్క. ప్రహరీల మీద గులాబీ గుత్తులతో అల్లుకునే మెక్సికో తీగ, ఆంటిగోనన్, కూడా ఇలాంటిదే. పైన ఎంత నరికినా కింద దుంపలుంటాయి. పెరటి కంచెకని గుచ్చే లొట్టపీసు కొమ్మ సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. వానకు కొట్టుకుపోయిన ముక్క కాలువ మలుపులో పొద అవుతుంది.

వెడీలియా పక్కనుంచే వెళ్తూ, రోడ్ల పక్కన పచ్చదనం కోసం నాటే కోనోకార్పస్ చెట్టు మీద కోపగించుకునేవాళ్లు చాలామంది కనపడుతున్నారు. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది, మన రాష్ట్రాల్లోనూ కొట్టెయ్యాలన్న డిమాండ్లు వచ్చాయి. దాని మీది ఫిర్యాదులు పుప్పొడి గురించి, పైపుల్లో దూరే వేళ్ల గురించి. అవి వేరే రకం ఫిర్యాదులు, వాటి న్యాయం వాటిది. గోడ దాటి అడవిని మింగడం అన్న మన ప్రశ్నకు మాత్రం వెడీలియానే ముందు బోనులో నిలబెట్టాలి. వయ్యారిభామదీ వేరే కథే. దాన్ని ఎవరూ పూల కోసం తేలేదు, 1950లలో పుణె దగ్గర కనపడి దేశమంతా పాకింది.

తెలుగు నేలతో నేరుగా ముడిపడిన కథ సర్కారు తుమ్మది. 1877లో విత్తనాలు తెప్పించి కడప ప్రాంతపు మెట్ట భూముల్లో వేశారు, వంటచెరకు కొరత తీరుతుందని. వేసింది ప్రభుత్వమే, పేరు కూడా అలాగే నిలిచింది. కరువు సీమలో అది ఎన్ని పొయ్యిలు వెలిగించిందో, ఎంతమందికి బొగ్గు కూలి ఇచ్చిందో మర్చిపోకూడదు. ఆ మేలు చేస్తూనే చెరువు గర్భాల్ని, బీడు భూముల్ని పట్టేసింది. కాయలు తీయగా ఉంటాయి, మేకలు తింటాయి, గింజలు అరక్క పెంటికల్లో పడి, ఎరువుతో సహా మొలుస్తాయి. మంచి ఉద్దేశంతో తెచ్చిన మొక్కను వెనక్కి పంపడం దాదాపు 150 ఏళ్లయినా ఎవరివల్లా కాలేదు.

ఏ దారిన వెళ్తుంది?

నర్సరీలో మొక్క నచ్చగానే నేను చూసేది దాని దారులు. చిన్న చిన్న రంగు పళ్లు గుత్తులుగా కాస్తే అది పిట్ట దారి. గింజకు దూదో రెక్కో ఉంటే గాలి దారి. కణుపు కణుపుకూ వేరు దించితే ముక్కల దారి. నీళ్ల మీద తేలితే వాన దారి. ఇవన్నీ లేకపోయినా చివరిగా ఉండేది మనుషుల చేతుల దారి. మిద్దెతోటల వాళ్లం ఒకరికొకరం కొమ్మలిచ్చుకునే అలవాటు ఎంతో మంచిది, అయితే పేరు తెలియని మొక్క ఊళ్లు దాటేది కూడా ఆ దారినే. "అస్సలు చావదండీ, ఎక్కడ పడేసినా వస్తుంది" అని గర్వంగా చెప్పి అమ్ముతుంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఏదో ఒక దారి ఉన్నంత మాత్రాన మొక్క చెడ్డదైపోదు. మర్రి పళ్లనూ పిట్టలే మోస్తాయి. పరాయి నేల నుంచి శత్రువులు లేకుండా వచ్చి, పైగా ఇలాంటి దారి ఉంటేనే జంకాలి.

నివాస స్థలాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. నాలుగో అంతస్తు బాల్కనీలో మూసిన గాజు గిన్నెలో ఉన్న నీటి మొక్కకూ, కాలువ గట్టు ఇంట్లో పొంగిపొర్లే కుంటలో ఉన్న అదే మొక్కకూ పోలిక లేదు. అడవికి, చెరువుకు, డెల్టా కాలువకు దగ్గరగా ఉండేవాళ్లు నగరం నడిమధ్య ఉండేవాళ్లకన్నా గట్టిగా ఉండాలి.

తీసేయాలనుకుంటే పువ్వు రాకముందే తీయాలి. నీటి మొక్కల్ని వల బుట్టతో దేవి, నీళ్లకు దూరంగా సిమెంటు నేల మీద పలచగా పరచి, చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఎండబెట్టాలి. మన ఎండలకు వారం పది రోజులు చాలు. ఆ పొడిని సొంత తొట్టిలోదైతే కంపోస్టులో వేసుకోవచ్చు. మురుగు చెరువుల నుంచి తెచ్చిన గుర్రపు డెక్కను కూరగాయల ఎరువుకు వాడొద్దు, అది లాక్కున్న లోహాలు దాంట్లోనే ఉంటాయి. వెడీలియానైతే కణుపులు మిగలకుండా ఏరి, అదే తీరున ఎండబెట్టాలి. ఒక్కసారితో పోదు, రెండు మూడు వానల తర్వాత మళ్లీ చూడాలి. అక్వేరియం కడిగిన నీళ్లు మొక్కల మొదట్లో పోయండి గానీ కాలువలో పోయొద్దు. అందులోని చేపల్నీ చెరువులో వదలొద్దు. జాలితో చేసే ఆ పనితోనే చేపల చెరువుల వాళ్ల వలలు చింపే దెయ్యం చేప మన నీళ్లలోకి వచ్చింది.

బదులుగా ఏం పెంచుకోవాలంటే మనకు కొదవ లేదు. తొట్టిలో కలువ, తామర కుండీతో సహా దింపితే దుంప కుండీ దాటదు. తొట్టి అంచున తడి మట్టిలో వస, సరస్వతి ఆకు. కంచెకు అడ్డసరం, వావిలి, రెండింటినీ మేకలు ముట్టవు. పూలకు తంగేడు, నూరు వరహాలు. తీగ కావాలంటే విరజాజి. మాధవీలత ఇక్కడ నిక్షేపంగా పెంచుకోవచ్చు, మారిషస్‌లో ఉండే తెలుగువాళ్లు మాత్రం వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఓ మాట: మనం తినే తూటికూర అక్కడ ఫెడరల్ హానికర కలుపు మొక్కల జాబితాలో ఉంది. అమ్మ ఇచ్చిన గింజలైనా పెట్టెలో పెట్టుకెళ్లే ముందు అక్కడి నిబంధనలు కనుక్కోండి.

మన చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ దురాక్రమణ జాతుల దిగుమతిని, స్వాధీనాన్ని, వ్యాప్తిని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అధికారం ఉండడం వేరు, అది వీధి చివర నర్సరీ దాకా రావడం వేరు. అంతవరకు కొనేవాళ్ల చేతిలోనే ఉంది.

తొట్టి ఖాళీ చేశాక నేను గుర్రపు డెక్క పంచినవాళ్లను గుర్తుచేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఐదుగురు. ముగ్గురి దగ్గర ఎప్పుడో ఎండిపోయింది. ఎదురింటి వదినగారి దగ్గర ఓ బకెట్లో ఉంటే ఇద్దరం కలిసి తీసి ఎండేశాం. ఐదో మనిషి మా బాబాయి కొడుకు. "ఊళ్లో గుడి కోనేట్లో వేశానన్నా, పూలు బాగున్నాయని పూజారిగారు కూడా సంతోషించారు" అన్నాడు.

మర్నాడే వెళ్లాను. కోనేరు ఓ మూల బండిచక్రమంత తెట్టు కట్టి ఉంది, ఇంకా పెరగలేదు. పూజారిగారికి అంతా చెప్పి, ఆయనే పిలిచిన నలుగురు కుర్రాళ్లతో మెట్ల మీద నిలబడి బుట్టలతో దేవాం. కాడ ముక్కల కోసం మెట్ల సందులన్నీ చేత్తో తడిమాం. గుడి వెనక బండల మీద పరిచి వచ్చాం. అప్పటికే పూసింది కాబట్టి అడుగు బురదలో గింజలు ఉండే ఉంటాయి. తమ్ముడు నెలకోసారి కోనేటి దగ్గరికి వెళ్లి ఫోటో తీసి పంపుతున్నాడు. ఇప్పటికి రెండుసార్లు చిన్న మొలకలు కనపడ్డాయి, రెండుసార్లూ తీసేశాడు. ఇంకా చాలా ఏళ్లు చూడాల్సి ఉంటుందని వాడికి చెప్పాను. సరే అన్నాడు.